అహ్మదాబాద్ కలప ఇళ్ళు: కూల్చడానికి చెప్పే సాకులు

పాత కర్ర ఇళ్ళ వీధిని కాపాడాలని ఎవరైనా నోరు తెరిస్తే ఏ ఊళ్ళోనైనా ఎదురొచ్చే మాటలు ఇంచుమించు ఒక్కటే. కలప అంటుకుంటే ఊరంతా బూడిదవుతుందంటారు. భూమి కాస్త కదిలితే పాత ఇల్లు కూలుతుందంటారు. గాలీ వెలుతురూ ఉండవని, అందులో ఉన్నవాళ్ళే బయటపడాలని చూస్తున్నారని, వేరే చోట సుఖంగా బతికేవాళ్ళకే ఈ పాత మీద మోజని అంటారు. ఇంజనీరు అంటాడు, పురపాలక అధికారి అంటాడు, బిల్డరు అంటాడు, ఆస్తి పంచుకోవలసిన వారసులూ అంటారు. ఇంతమంది అంటున్నారు కనక నిజమే అయి ఉంటుందని మిగిలినవాళ్ళం తల ఊపుతాం. అలా తల ఊపడం వల్లనే మన కళ్ళముందు వీధులకు వీధులు పోతున్నాయి. ఈ మాటల్లో ఒకటీ అరా సగం నిజాలున్నాయి. మిగిలినవి సాకులు. వాటిని పరీక్షకు పెట్టడానికి మన దేశంలో అహ్మదాబాద్ పాతనగరాన్ని మించిన చోటు లేదు.

అహ్మద్ షా 1411లో సబర్మతి తూర్పు ఒడ్డున వేసిన ఊరది. కోటగోడ చాలావరకు పోయింది, దర్వాజాలు మిగిలాయి. ఆ గోడ లోపల జనం పోళ్ళుగా కుదురుకున్నారు. పోల్ అంటే ఒక పెద్ద తలుపున్న వీధి. లోపలికి వెళితే సందులు, సందుల్లోంచి ఇంకా సన్నటి సందులు, రెండు వైపులా ఒకదాని గోడకొకటి ఆనుకున్న ఇళ్ళు. వీధి వైపు ఓట్లో ఉంటుంది, అది మన అరుగు. లోపల చౌక్ ఉంటుంది, అది మన మండువా. ఆ చౌక్ కింద టాంకా అనే తొట్టి. కప్పు మీద పడిన వాననీళ్ళు గొట్టంలోంచి అందులోకి దిగుతాయి, ఒకప్పుడు ఏడాది పొడుగునా తాగడానికి అవే. ఇంటి ముందుభాగం అంతా టేకు. స్తంభాలు, దూలాలు, బాల్కనీని మోసే చెక్కిన బ్రాకెట్లు, కిటికీ రెక్కలు, అన్నీ. పోల్ నడుమ పక్షులకు గింజలు వేసే చబూత్రో ఒకటి నిలబడి ఉంటుంది. 2017 జులైలో యునెస్కో ఈ పాతనగరం మొత్తాన్ని, అంటే 535 హెక్టార్లను, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు పొందిన మొదటి భారతీయ నగరం అహ్మదాబాదే. ఇంత గౌరవం దక్కిన తర్వాత కూడా పోళ్ళలో ఇళ్ళు కూలుతూనే ఉన్నాయి. కూల్చినవాళ్ళు చెప్పే కారణాలు పైన చెప్పినవే.

ముందు భూకంపం సంగతి చూద్దాం, ఎందుకంటే అందరినీ భయపెట్టి నోరు మూయించేది ఆ మాటే. 2001 జనవరి 26 ఉదయం కచ్‌లో భూమి కంపించింది. భచావు దగ్గరి కేంద్రం నుంచి అహ్మదాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరంలో ఉన్నా ఆ నగరంలో ఏడు వందలమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కొత్త పేటల్లో కాంక్రీటు అపార్టుమెంట్ల కింద నలిగిపోయినవాళ్ళు. కింద కార్లు పెట్టుకోవడానికి గోడలు లేకుండా ఉత్త స్తంభాలు లేపి, వాటి మీద నాలుగు అంతస్తులో పది అంతస్తులో మోపిన భవనాలవి. కింది స్తంభాలు విరిగితే పై అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి కూలబడ్డాయి. పాతనగరంలో దెబ్బే తగల్లేదని నేననను. గోడలు బీటలు వారాయి, కొన్ని భాగాలు ఊడిపడ్డాయి, మరమ్మతు లేక శిథిలమైన ఇళ్ళు దెబ్బతిన్నాయి. కాని ఏ ఇళ్ళు పేకమేడల్లా కూలుతాయని చెప్పారో ఆ ఇళ్ళు చాలావరకు నిలబడ్డాయి. ఏవి సురక్షితమని నమ్మించి అమ్మారో వాటి కింద శవాలు వెతకాల్సి వచ్చింది.

ఇది అదృష్టం కాదు, పనితనం. పోల్ ఇంటి గోడను వట్టి ఇటుకతో లేపరు. కొన్ని వరసల ఇటుక కాగానే గోడ పొడుగునా అడ్డంగా కలప బద్దెలు వేసి, మూలల్లో ఒకదానికొకటి బిగించి, ఆ పైన మళ్ళీ ఇటుక కడతారు. దూలాల కొసలు ఈ కలప మీద కూర్చుంటాయి. ఒక కర్రకు తొలిచిన బెజ్జంలో మరో కర్ర కొసను దూర్చి చెక్కమేకుతో బిగించిన అతుకులు నేల ఊగినప్పుడు కాస్త కదులుతాయి, ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడిలో కుదుపు బలం తగ్గుతుంది. గోడకు పడిన బీట పైదాకా పాకకుండా మధ్యలో కలప పట్టీ ఆపుతుంది. గుజరాతీ వడ్రంగులైన సుతార్లకు ఈ సంగతి భౌతికశాస్త్ర పుస్తకాలు నేర్పలేదు. 1819లో కచ్ భూకంపం ఇదే ఊళ్ళో జామా మసీదు మీనార్లను పడగొట్టింది. నేల కదులుతుందని తెలిసిన చోట ఎలా కట్టాలో అక్కడి పనివాళ్ళు నేర్చుకున్నారు.

కశ్మీర్‌లో ఇదే తెలివి తఖ్, ధజ్జీ దీవారీ అనే పేర్లతో ఉంది. 2005 అక్టోబరు 8న అక్కడ భూకంపం వచ్చి వేల గ్రామాలు నేలమట్టమైనప్పుడు కర్ర చట్రంలో రాయీ మట్టీ నింపిన ధజ్జీ ఇళ్ళు తట్టుకున్న తీరు నిపుణులు గమనించారు. పాకిస్తాన్ వైపు పునర్నిర్మాణ సంస్థ మొదట కాంక్రీటు, సిమెంటు దిమ్మెల ఇళ్ళకే డబ్బిచ్చేది. తర్వాత ధజ్జీ పద్ధతిని అధికారికంగా అంగీకరించింది. వేల కుటుంబాలు అదే పద్ధతిలో ఇళ్ళు కట్టుకున్నాయి. ప్రభుత్వ ఇంజనీర్లు చదివి, లెక్కవేసి, సంతకం పెట్టి ఒప్పుకున్న విషయం ఇది. ఆ తర్వాత కూడా మన దగ్గర ఒక అధికారి కలప ఇల్లు అనగానే భూకంపం పేరు ఎత్తుతున్నాడంటే, ఆయన వృత్తిలో ఇరవై ఏళ్ళుగా అందరికీ తెలిసిన సంగతిని పక్కన పెడుతున్నాడన్నమాట.

దీనికి జవాబుగా వచ్చే మాట కూడా నాకు తెలుసు. దూలం కొస కుళ్ళి, చెదపట్టి, పైకప్పు కారుతున్న ఇల్లు ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే, నూటికి నూరుపాళ్ళూ. కాని దాన్ని ఆ స్థితికి తెచ్చింది ఏళ్ళ తరబడి చేయించని మరమ్మతు. కలప ఇంటి గొప్పతనమే అక్కడుంది. కుళ్ళిన దూలాన్ని తీసి కొత్త దూలం ఎక్కించవచ్చు. స్తంభం అడుగున తేమ తగిలి చెడితే ఆ ముక్క కోసి కొత్త ముక్క అతకవచ్చు. ఒక బ్రాకెట్, ఒక కిటికీ రెక్క, ఒక మెట్టు, దేనికది విడదీసి బాగుచేసుకోవచ్చు, మిగతా ఇల్లు అలాగే నిలబడి ఉంటుంది. కాంక్రీటు అలా కాదు. లోపలి ఇనుపచువ్వ తుప్పుపట్టి ఉబ్బితే పైనున్న కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది. పెచ్చులు రాలేసరికి లోపల ఎంత తిన్నదో పైకి తెలియదు, చువ్వను ఊడదీసి మార్చడం తేలిక కాదు.

కాంక్రీటు తొందరగా పాడవుతుందన్నది నా ఊహ కాదు, గుజరాత్ శాసనసభ ఒప్పుకున్న సంగతి. 2018లో ఆ రాష్ట్రం ఫ్లాట్ల యాజమాన్య చట్టాన్ని సవరించింది. పాతికేళ్ళు నిండిన అపార్టుమెంటును, యజమానుల్లో 75 శాతం మంది ఒప్పుకుంటే, కూల్చి మళ్ళీ కట్టుకోవచ్చు. పాతికేళ్ళు! ఒక బిడ్డ పుట్టి పెరిగి పెళ్ళీడుకు వచ్చేలోపు కాంక్రీటు భవనం కూల్చివేత వయసుకు చేరుతుందని చట్టమే చెబుతోంది. ప్రపంచ ప్రసిద్ధ వాస్తుశిల్పి లూయీ కాన్ గీసిన అహ్మదాబాద్ ఐఐఎం వసతిగృహాలు అరవై, డెబ్భై దశకాల నాటివి. కారుతున్నాయని, పెచ్చులు రాలుతున్నాయని, భూకంపానికి ఆగవని చెప్పి 2020లో వాటిలో చాలావాటిని కూల్చడానికి ఆ సంస్థ పూనుకుంది. దేశదేశాల వాస్తుశిల్పులు గగ్గోలు పెడితే అప్పటికి వెనక్కి తగ్గింది. వాటినీ కాపాడాలనే నేను అంటాను. కాని ఒక్క మాట అడగాలి. యాభై ఏళ్ళకే కాంక్రీటుకూ ఇటుకకూ ఈ గతి పడితే, నూటయాభై ఏళ్ళు దాటినా గడప దాటి మనుషులు వస్తూపోతూ ఉన్న టేకు ఇంటిని ‘కాలం చెల్లింది’ అనడానికి ఎవరికి అర్హత ఉంది?

అగ్నిప్రమాదం గురించి చెప్పేదాంట్లో ఇంతకంటే ఎక్కువ నిజం ఉంది, దాన్ని దాటవేయను. కలప కాలుతుంది. పోల్ సందుల్లోకి పెద్ద ఫైరింజన్ పోదు. నార్వేలో బెర్గెన్ రేవు ఒడ్డున బ్రిగెన్ అనే కలప ఇళ్ళ పేట 1702లో కాలింది, 1955లో మళ్ళీ కొంతభాగం కాలింది. అయినా ఆ ఊరివాళ్ళు ప్రతిసారీ ఏం చేశారో చూడండి. 1702 తర్వాత పాత పద్ధతిలోనే కట్టుకున్నారు. ఇప్పుడక్కడ మిగిలిన అరవైకి పైగా కట్టడాలు 1979 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. మంట భయంతో వాటిని పడగొట్టలేదు, నిప్పును కనిపెట్టే, ఆర్పే సాధనాలు అమర్చారు. మన పోళ్ళలో నిప్పు ఎక్కడ రాజుకుంటుంది? వేలాడే పాత కరెంటు తీగల దగ్గర, ఇళ్ళను గోదాములుగా మార్చి రసాయనాలూ ప్లాస్టిక్కూ బట్టల బేళ్ళూ పేర్చిన చోట. తీగలు మార్చమని, గోదాములు ఖాళీ చేయించమని, సందుల్లోకి దూరే చిన్న అగ్నిమాపక బండ్లు కొనమని ఎవరూ గట్టిగా అడగరు. చాలా ఇళ్ళ కింద టాంకాలున్నాయి, వాటిని శుభ్రం చేసి నింపితే ప్రతి సందులోనూ నీళ్ళుంటాయి. ఇవేవీ చేయకుండా నిప్పు భయం చూపి ఇల్లు కూల్చమనడం న్యాయం కాదు.

గాలీ వెలుతురూ లేవన్న ఆరోపణకు ఎక్కువ చోటు ఇవ్వక్కర్లేదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు చేరింది. మామూలు మే నెలకంటే ఆ నెలలో 1,344 మంది ఎక్కువగా చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. దాని తర్వాతే నగరపాలక సంస్థ 2013లో దక్షిణాసియాలో మొట్టమొదటి వడగాడ్పు ప్రణాళిక తెచ్చింది. అలాంటి ఎండ కాసే ఊళ్ళో సందు ఇరుకుగా ఉండడం లోపం కాదు. నడినెత్తిన సూర్యుడున్న కాసేపు తప్ప ఆ సందులో నీడే ఉంటుంది. చౌక్ వేడిగాలిని పైకి వదిలేస్తుంది. మందపాటి గోడ పగటి వేడిని లోపలికి ఆలస్యంగా రానిస్తుంది. అందుకు బదులు నాలుగు వైపులా ఎండ తగిలే గాజుకిటికీల గదిని కట్టి దానికి ఏసీ పెట్టడాన్ని ప్రగతి అంటున్నాం.

ఇక అన్నిటికంటే బలమైన వాదన: ‘అక్కడ ఉంటున్నవాళ్ళే వద్దంటున్నారు.’ దీన్ని తేలిగ్గా తీసిపారేసే హెరిటేజ్ ప్రేమికులంటే నాకు కోపం. ఇరుకు మెట్లెక్కలేని ముసలివాళ్ళు, కారు పెట్టుకోవడానికి చోటులేని కుటుంబాలు, మరుగుదొడ్డి కట్టుకోవడానికి తంటాలుపడే ఇళ్ళు నిజంగా ఉన్నాయి. వాళ్ళ మాట వినాలి. అయితే వింటే పూర్తిగా వినాలి. ఎందుకు వద్దంటున్నారు?

మొదటి కారణం, ఇల్లు వాళ్ళ చేతిలో లేదు. 1947 నాటి బాంబే అద్దె నియంత్రణ చట్టం, 1960లో గుజరాత్ విడిపోయాక కూడా అక్కడ కొనసాగింది. దశాబ్దాల క్రితం నిర్ణయమైన అద్దెలే నడిచిన ఇళ్ళలో యజమానికి వచ్చే డబ్బు ఒక దూలం మార్చడానికి కూడా చాలదు. అద్దెకున్నవాడు తనది కాని ఇంటికి టేకు కొని పెట్టడు. ఇద్దరి మధ్యా కప్పు కారుతూనే ఉంటుంది. రెండో కారణం, వారసులు. తాతగారి ఇల్లు పదిహేను, ఇరవై మందికి ఉమ్మడి ఆస్తి. వాళ్ళలో సగంమంది నది అవతల, ముంబైలో, అమెరికాలో. మరమ్మతు ఖర్చు పంచుకుందామంటే సంతకాలు కుదరవు, అమ్మేద్దామంటే మాత్రం అందరూ కలుస్తారు. మూడోది, అల్లర్లు. 1969లో, 1985లో, 2002లో పాతనగరం రక్తం చూసింది. ప్రాణభయంతో, పిల్లల చదువులకోసం నది దాటి వెళ్ళిపోయిన కుటుంబాలు ఎన్నో. ఖాళీ అయిన ఇంటికి తాళం పడింది, తాళం పడ్డ ఇంటిని వ్యాపారి గోదాముకోసం కొన్నాడు. గోదాముకు చౌక్ అక్కర్లేదు, టాంకా అక్కర్లేదు, చెక్కిన బ్రాకెట్ అక్కర్లేదు. కూల్చి, కింద దుకాణాలూ పైన సరుకూ పట్టే కాంక్రీటు డబ్బా లేపుతాడు.

ఇందులో కలప చేసిన తప్పు ఎక్కడుంది? అద్దె చట్టం, వారసత్వ తగాదా, మతకలహం, వ్యాపార ఒత్తిడి కలిసి ఒక కుటుంబాన్ని ఇల్లు వదిలిపోయేలా చేస్తే, దానికి ‘జనం పాత ఇళ్ళను కోరుకోవడంలేదు’ అని పేరు పెట్టాం. కాలుజారి పడ్డవాణ్ణి నడక ఇష్టంలేనివాడు అన్నట్టుంది. పండగొస్తే నిజం బయటపడుతుంది. ఉత్తరాయణానికి గాలిపటాలు ఎగరేయడానికి నది అవతలి అపార్టుమెంట్ల నుంచి జనం పోళ్ళకు తిరిగొస్తారు, ఆ మిద్దెలు డబ్బిచ్చి అద్దెకు తీసుకుంటారు. వెళ్ళిపోయినవాళ్ళు ఆ చోటును వద్దనుకుని వెళ్ళలేదు, అక్కడ బతకడాన్ని మనం కష్టం చేశాం కనక వెళ్ళారు.

ఇంకో అభ్యంతరం ఉంది. మన తెలుగునాట ఆలోచనాపరులు తప్పక అడిగేది, అడగవలసింది. పోళ్ళు కులాన్నిబట్టి, మతాన్నిబట్టి ఏర్పడ్డవి కదా, ఆ పెద్ద తలుపు దొంగల్నే కాక దళితుల్నీ బయట ఉంచింది కదా, అలాంటి కట్టడాలను పూజించడం దేనికని. మన మండువా లోగిళ్ళ గురించీ ఇదే అనవచ్చు. అవి ఎవరి ఇళ్ళో, ఎవరు అరుగు ఎక్కగలిగారో, ఎవరు వాకిట్లోనే నిలబడ్డారో మనందరికీ తెలుసు. ఆ చరిత్రను దాచిపెట్టి, చెక్కిన స్తంభాల అందమే చెప్పే వారసత్వ ప్రచారం అబద్ధపు ప్రచారం. ఈ మేరకు అభ్యంతరంతో నాకు పేచీ లేదు.

కాని ఇల్లు కూలిస్తే కులం కూలిందా? నది పడమటి ఒడ్డున గత యాభై ఏళ్ళలో లేచిన కాంక్రీటు సొసైటీలను చూడండి. ఫలానా కులంవాళ్ళకు మాత్రమే, మాంసం తినేవాళ్ళకు ఇవ్వం అనే లెక్కలు అక్కడ మరింత పకడ్బందీగా నడుస్తున్నాయి. అల్లర్లప్పుడు ఒత్తిడితో ఆస్తులు చేతులు మారకుండా ఆపడానికని 1986లో మొదట తెచ్చి, 1991లో తిరిగి చేసిన ‘కల్లోలిత ప్రాంతాల’ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ ప్రాంతాల్లో స్థిరాస్తి అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. ఆచరణలో అది హిందువులూ ముస్లింలూ పక్కపక్కన ఇల్లు కొనుక్కోవడానికి అడ్డుగోడగా మారిందని విమర్శ. ఆ గోడ కాగితంతో కట్టింది. వేరుచేసి బతికే జబ్బు సిమెంటులో ఇంకా హాయిగా బతుకుతోంది. మరొక సంగతి, ఈ ఇళ్ళు షేటుల పేరుతో ఉన్నా కట్టింది షేటులు కాదు. సుతార్ల చేతిపని అది. ఆ ఇళ్ళను నేలమట్టం చేస్తే యజమాని కులానికి ఏ నష్టమూ లేదు, స్థలం ధర దక్కుతుంది. శ్రమజీవి పనితనమే గుర్తులేకుండా పోతుంది.

‘మంచివి నాలుగు మ్యూజియంలో పెడదాం, మిగతావి పోనీ’ అనే రాజీమార్గం చాలామందికి సమంజసంగా తోస్తుంది. అది ఇప్పటికే జరిగింది, ఫలితమూ తెలుసు. 1881లో లాక్‌వుడ్ డి ఫారెస్ట్ అనే అమెరికన్ అహ్మదాబాద్ వచ్చి, మగన్‌భాయ్ హఠీసింగ్‌తో కలిసి చెక్కపని కార్ఖానా పెట్టాడు. ఇక్కడి పనివాళ్ళు చెక్కిన టేకు న్యూయార్క్‌లో పదో వీధిలోని అతని ఇంటి ముంగిట ఈనాటికీ ఉంది, ఉక్కు వ్యాపారి కార్నెగీ భవంతి గోడల మీదా ఉంది. పాటన్‌లోని జైన ఆలయపు చెక్క గుమ్మటం మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరింది. వాటిని చూసి మెచ్చుకోవచ్చు. అక్కడ ఎండ, వాన, చౌక్, టాంకా, పక్కింటి గోడ ఏవీ ఉండవు. పోల్ ఇళ్ళు ఒకదాని గోడను మరొకటి పంచుకుని నిలబడ్డవి. మధ్యలో ఒక ఇంటిని పీకితే రెండు పక్కలా ఆసరా పోతుంది, కొత్త భవనం పునాదికి లోతుగా తవ్వితే పక్కిళ్ళ గోడలు జారతాయి. మరుసటి ఏడు ఆ పక్కిళ్ళకూ ‘శిథిలావస్థ’ అని నోటీసు అంటిస్తారు. కనక ఒక్క ఇంటిని అమ్ముకునే స్వేచ్ఛ అని మనం అనుకునేది ఆ వరస మొత్తానికి హాని.

హోటళ్ళుగా మార్చడం గురించి కూడా చెప్పాలి. కొన్ని హవేలీలను బాగుచేసి అతిథిగృహాలు నడుపుతున్నారు, మంచిదే, అవి కూలకుండా ఆగాయి. కాని పేట అంతా పర్యాటకుల మంచాలతో నిండితే అక్కడ కాపాడింది ముఖద్వారాలను మాత్రమే. పోల్‌కు ప్రాణం పొద్దున్నే అరుగు మీద కూరగాయలు తరిగే ఆడవాళ్ళు, చబూత్రోలో గింజలు చల్లే ముసలాయన, సందులో క్రికెట్ ఆడే పిల్లలు. వాళ్ళు ఉండాలి.

ఉండనివ్వడం సాధ్యమేనా? ఫిన్లాండ్‌లో రౌమా పాతపట్నం చూడండి. 1640లో, 1682లో కాలిపోయి మళ్ళీ లేచిన కలప ఊరది. ముప్ఫై హెక్టార్లలోపు స్థలంలో సుమారు ఆరు వందల కట్టడాలు, దాదాపు ఎనిమిది వందలమంది జనం. ఇళ్ళు ఎక్కువగా సొంతవాళ్ళవే, కింద దుకాణాలు నడుస్తాయి, 1991లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడ ‘తమ్మెల’ అనే పాత ఇంటిని మరమ్మతు కేంద్రంగా మార్చారు. ఇంటివాళ్ళు పోయి కిటికీ ఎలా బాగుచేసుకోవాలో, ఏ రంగు వేయాలో సలహా తీసుకుంటారు. దీనికి ఎదురుగా జపాన్‌లో క్యోటో. డబ్బుకు కొరత లేని దేశం, సంప్రదాయం అంటే ప్రాణమిచ్చే ఊరు. అయినా మాచియా అనే అక్కడి కలప ఇళ్ళు ఏడెనిమిదేళ్ళలోనే నలభైఏడు వేల పైచిలుకు నుంచి నలభై వేలకు పడిపోయాయని 2016 నాటి సర్వేలో తేలింది. 1950 నాటి భవన నిబంధనలు పాత పద్ధతిలో కట్టడాన్నే అసాధ్యం చేశాయి, వారసత్వ పన్ను ఇళ్ళను అమ్మించింది. రౌమాలో చట్టం ఇంటివాడి పక్షాన ఉంది, క్యోటోలో ఎదురుగా నిలబడింది. రెండుచోట్లా ఉన్నవి కలప ఇళ్ళే.

అహ్మదాబాద్ చేయగలిగింది ఏమిటో దానికే తెలుసు. 1996లో దేశంలోని నగరపాలక సంస్థల్లో అన్నిటికంటే ముందుగా వారసత్వ విభాగం పెట్టింది. మరుసటి ఏడు నవంబరు 19న కాలూపూర్ స్వామినారాయణ్ ఆలయం నుంచి జామా మసీదు దాకా నడిపించే ‘హెరిటేజ్ వాక్’ మొదలైంది. వాస్తుశిల్పి దేబాశిష్ నాయక్ వంటివారు ఇంటింటికీ తిరిగి పోళ్ళ జనాన్ని ఒప్పించారు. లంబేశ్వర్ పోల్‌లో కవి దల్‌పత్‌రామ్ ఇంటి చోట స్మారకం లేచింది. రెండున్నర వేలకు పైగా కట్టడాలను గుర్తించి జాబితా చేశారు. వాడుకోని కట్టుబడి హక్కును మరోచోట అమ్ముకోవడానికి టీడీఆర్ ఇచ్చారు. టీడీఆర్ సంగతి మన పాఠకులకు కొత్త కాదు, రోడ్ల వెడల్పుకు స్థలాలు ఇచ్చినవాళ్ళకు ఇక్కడా అదే ఇస్తున్నారు. ఇవన్నీ మంచి పనులు, చాలని పనులు. కూల్చేవాడికి డబ్బు వెంటనే దొరుకుతుంది, బాగుచేసుకునేవాడికి అర్జీలు, ముసాయిదాలు, ఎదురుచూపులు. ఈ లెక్క తిరగబడాలి. మరమ్మతుకు అనుమతి వారాల్లో రావాలి, చవక వడ్డీకి అప్పు రావాలి, వారసుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే పని మొదలుపెట్టే వీలు ఉండాలి. పాతికేళ్ళ ఫ్లాటును కూల్చడానికి 75 శాతం చాలన్న చట్టం, నూటయాభై ఏళ్ళ ఇంటిని బాగుచేయడానికి అదే 75 శాతం చాలనడానికి ఎందుకు వెనకాడాలి? వడ్రంగి పిల్లలకు ఈ పనిలో జీతమిచ్చి తర్ఫీదు ఇవ్వాలి, లేకపోతే డబ్బున్నా పనిచేసే చేతులు ఉండవు.

మనమూ నీతులు చెప్పే స్థితిలో లేము. వారసత్వ కట్టడాల రక్షణకు 1995లోనే పట్టణాభివృద్ధి నిబంధనల్లో 13వ నిబంధన తెచ్చిన హైదరాబాద్, 2015లో దాన్ని తీసేసింది. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్ మిగిలిందంటే 2019లో హైకోర్టు అడ్డుపడింది కనకనే. ఊళ్ళలో మండువా ఇళ్ళకు ఆ పాటి దిక్కు కూడా లేదు. పట్నాల్లో రెస్టారెంట్లకూ ఫామ్‌హౌసులకూ అలంకారంగా టేకు స్తంభాలూ దర్వాజాలూ కొనేవాళ్ళు పెరిగాక, ఇల్లు ఇల్లుగా కంటే కలపగా ఎక్కువ ధర పలుకుతోంది.

మీ పెద్దల ఇల్లు అలాంటిది ఒకటి ఊళ్ళో తాళం వేసి ఉంటే, కలప కొనే వ్యాపారితో బేరమాడే ముందు ఒక పని చేయండి. పాత ఇళ్ళ పని తెలిసిన వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్ళి దూలాల కొసలు, స్తంభాల మొదళ్ళు, కప్పు కారే చోట్లు చూపించండి. మరమ్మతుకు ఎంతవుతుందో కాగితం మీద రాయించండి. ఆ కాగితాన్ని అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ పంపండి. అమ్మాలో ఉంచాలో ఆ అంకె చూశాక నిర్ణయించుకోండి.